నాలుగు బైట్ల హద్దు

డూమ్ అను కంప్యూటరు ఆట 1993వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన వెలువడినది. అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రమందలి మెస్కీట్ పట్టణములో ఐడీ సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థవారు దానిని నిర్మించిరి. నాలుగేండ్ల తరువాత, 1997 డిసెంబరు 23వ తేదీన, ఆ సంస్థయందలి ముఖ్య ప్రోగ్రామరు జాన్ కార్మాక్ ఆ ఆట మూలప్రతిని లోకమునకు విడిచిపెట్టెను. 1999లో అది అందరును స్వేచ్ఛగా చదివి, మార్చి, పంచుకొనదగిన అనుమతిపత్రము క్రిందికి వచ్చినది. మూలప్రతి యనగా యంత్రమునకు మాత్రమే తెలియు అంకెల రూపము గాక, మనుష్యుడు వ్రాసి మనుష్యుడు చదువదగిన రూపము. వంటకము వేరు, వండు విధానము వేరు. వంటకమును అమ్మి విధానమును దాచుకొనుట వ్యాపారుల వాడుక. విధానమునే ఇచ్చివేయువారు అరుదు.

ఆ ఆటయందు తుపాకులును, దయ్యములును, రక్తమును విస్తారముగా కలవు. ఇంటింట దానిని ఆడుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. నిజమునకు ఆటకంటె మూలప్రతియే మాకు నచ్చినది. నాడు 4 మెగాబైట్ల మెమొరీ గల యంత్రముపైనను ఆ ఆట నడువవలసియుండెను. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రము ఒక్కటియే పలుమార్లు అంత చోటును ఆక్రమించును. అట్టి ఇరుకు ఇంటిలో కాపురము చేసినవారి పొదుపు ఆ మూలప్రతిలో పంక్తిపంక్తికిని కానవచ్చును.

వైజ్ఞానిక ప్రదర్శనయందు ఆ పొదుపునే చూపవలెనని పదవ తరగతి చదువు మేము ఐదుగురము సంకల్పించితిమి. దయ్యములు లేకుండ ఆటను నడుపు ఏర్పాటు మూలప్రతిలోనే యున్నందున ప్రధానోపాధ్యాయులవారు అనుమతించిరి. నేటి యంత్రములపై నడుచునట్లు ఈ ఆటను ఎందరో ఇదివరకే సరిదిద్దియున్నారు గదా, చాక్లెట్ డూమ్ వంటిదానిని తెచ్చుకొనరాదా యని చదువరులు అడుగవచ్చును. తెచ్చుకొనవచ్చును. కాని మాకు కావలసినది 1997 నాటి మూలప్రతియే. దాని పుటలను పెద్ద అక్షరములతో గోడకు తగిలించి, ఇదిగో ఈ పంక్తి ఈ పని చేయుచున్నదని చూపరులకు తెలుగులో చెప్పవలెనని మా కోరిక. ఈ హోసూరు ప్రాంతమున మనకు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము. కంప్యూటరు ఎదుట మాత్రము ఆంగ్లము తప్ప మరొకటి పలుకరాదన్న నియమమును ఎవరు పెట్టిరో తెలియదు. మెమొరీలో ఒక వస్తువున్న చోటిని తెలుపు అంకెను పాయింటరు అందురు. మేము దానికి 'జాడ' యని పేరు పెట్టుకొంటిమి. ఆ మాటతో పని చక్కగా సాగినది.

తరువాతి కథ బోధపడుటకు ఆ ఆట మెమొరీని పంచుకొను తీరు కొంత చెప్పవలెను. ఆట మొదలుకాగానే వ్యవస్థనుండి 6 మెగాబైట్ల మెమొరీని ఒక్కుమ్మడిగా పుచ్చుకొనును. దానిని వారు జోన్ అనిరి; మేము చేను అంటిమి. అటుపిమ్మట ఆటలో ఏ భాగమునకు ఎంత చోటు కావలసినను ఆ చేనిలోనే మడి కట్టి ఇత్తురు. మడి ఇచ్చు పనిని జెడ్-మాలాక్ అను భాగమును, తిరిగి పుచ్చుకొను పనిని జెడ్-ఫ్రీ అను భాగమును చేయును. ప్రతి మడికిని మొదట ఒక హద్దురాయి యుండును. దానిపై మడి పరిమాణము, దాని యజమాని జాడ, ఎంతకాలము ఉంచవలెనను గుర్తు, ముందు వెనుకల మళ్ళ జాడలు వ్రాసియుండును. వీనికి తోడు 1919505 అను ఒక అంకె. మూలప్రతిలో దానిని పదునారింటి లెక్కలో 1డి4ఎ11 అని వ్రాసిరి. ఆంగ్లలిపిలో చూచిన అది 'ఐడీ ఫర్ ఆల్' అన్నట్లు తోచును. ఆ ముద్ర రాతిపై కానరానిచో జెడ్-ఫ్రీ మడిని ముట్టక, ఆటనే ఆపివేయును.

కాలపు గుర్తులు చమత్కారముగా నున్నవి. 1 అనిన, చెప్పువరకు కదలింపరాదు. 50 అనిన, ఆటలో ఒక ఘట్టము ముగియువరకు ఉండును. 100గాని అంతకు మించిగాని ఐనచో, ఇతరులకు చోటు చాలనపుడు అడుగకయే ఖాళీ చేయింపవచ్చును. 4 అను గుర్తునకు ఎదుట, డేవ్ కదలరాదని కోరు తక్కినవన్నియు ఇందు చేరునను అర్థము గల వ్యాఖ్య కలదు. పనివాండ్రు పనిలో నుండగా పలుకుకొన్న ఇంటిమాట ఇన్నేండ్ల తరువాత మన చెవిని పడినట్లు అది మాకు ముచ్చట గొలిపినది.

ఇక మా కష్టము. పాఠశాలలో మాకు రెండు యంత్రములు ఇచ్చిరి. ఒకటి 32 బిట్ల పాతది. రెండవది పూర్వవిద్యార్థులు దానము చేసిన 64 బిట్ల క్రొత్తది. మూలప్రతి 256 రంగుల తెరను తప్ప మరొకదానిని ఒప్పుకొనదు గాన రెండింటను అట్టి కృత్రిమమైన తెరను కల్పించితిమి. పాతదానిపై ఆట నడచినది. క్రొత్తదానిపై కంపైలరే అంగీకరింపలేదు. ఆట అమరికల పట్టికలో ధ్వని కార్యక్రమము పేరును, ఆటగాండ్రు ఒకరికొకరు పంపుకొను వాక్యములును కలవు. వాని జాడలను అందు మామూలు పూర్ణసంఖ్యలుగా భావించి పెట్టియుండిరి. 32 బిట్ల యంత్రమున జాడకును పూర్ణసంఖ్యకును నాలుగేసి బైట్లే. 64 బిట్ల యంత్రమున పూర్ణసంఖ్యకు నాలుగే, జాడకు మాత్రము ఎనిమిది. మాలో ధ్వని విభాగమును చూచుచుండిన మిత్రుడు రెండు సాయంకాలములు కూర్చుండి ఆ పట్టికను తిరిగి వ్రాసెను. కంపైలరు సంతోషించినది. ఆట మొదలైనది. ప్రతి 64 గోడచిత్రములకు ఒక చుక్క చొప్పున తెరపై పడినవి. వెంటనే 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అను రెండు మాటలతో కూలిపోయినది.

తనది కాని మెమొరీని ముట్టబోయిన కార్యక్రమమును వ్యవస్థ చంపివేయునపుడు ఆ మాటలు కనబడును. ఎవరు ముట్టిరి, ఎందుకు ముట్టిరి యని అవి చెప్పవు.

మూడు అభిప్రాయములు బయలుదేరినవి. చేను చాలదేమో, 6 మెగాబైట్లను 32 చేయుడని ఒకరనిరి. చేసితిమి, మునుపటివలెనే కూలినది. యంత్రములు బాగుచేయు ఒక పనివాడు వచ్చి తలయూచి, “ర్యామ్ పోయింది సార్, కొత్తది వేయాల” అనెను. దాని వెల ప్రదర్శనకై విద్యార్థులవద్ద పోగుచేసిన మొత్తములో సగమునకు మించియుండెను. మూడవ అభిప్రాయము అన్నింటికంటె చెడ్డది. తరగతిలోని ఒకడు అందరి ఎదుట మా మిత్రునితో, “నువ్వు ముట్టుకోక ముందు బాగానే ఆడతా ఉండెను గదరా!” అనెను. వినుటకు అందు తర్కము కలదు. పాత యంత్రముపై అతని మార్పు లేదు, ఆట నడచినది; క్రొత్తదానిపై అతని మార్పు కలదు, ఆట కూలినది. మిత్రుడు మారు పలుకలేదు. మరునాడు సాయంకాలము అతడు రాలేదు. గోడపత్రముపై తన పేరు వ్రాయవలదని చెల్లెలిచేత చెప్పి పంపెను.

అతని పని సరియైనదని మాకు నమ్మకము. కాని నమ్మకమును చూపి నలుగురి నోళ్ళు మూయలేము. కావున రెండు పరీక్షలు చేసితిమి. అతడు మార్చిన ఫైలునే పాత యంత్రముపై పెట్టి కంపైలు చేసితిమి. ఆట ఏ లోపమును లేక నడచినది. పిమ్మట క్రొత్త యంత్రముపైననే, అదే ర్యామ్‌తో, మూలప్రతినంతయు 32 బిట్ల పద్ధతిని కంపైలు చేసితిమి. అప్పుడును నడచినది. కనుక ర్యామ్ చెడలేదు, మిత్రుని మార్పు కారణము కాదు. 64 బిట్లలోనే ఎక్కడనో చిక్కున్నది. ర్యామ్ కొనుట ఆగినది.

ఇట్లు 32 బిట్ల పద్ధతిని నడుపవచ్చును గదా, ప్రదర్శనకు అది చాలునని ఉపాధ్యాయులు కొందరనిరి. ప్రదర్శనకు చాలును. కాని 'కారణము ఇతడు కాడు' అనుట వేరు, 'కారణము ఇదిగో' యని వ్రేలితో చూపుట వేరు. మొదటిదానితో అపవాదు సగమే తొలగును. మేము మిత్రుని ఇంటికి పోయి, ఆ పంక్తిని నీవే వెదకవలెనని పిలుచుకొని వచ్చితిమి.

మెమొరీ తప్పులను కనిపెట్టు వాల్‌గ్రిండ్ వంటి సాధనములు నేడు కలవు. వానిని నడపి చూచితిమి. తగిన ఫలము కలుగలేదు. కారణము ఆలోచింపగా తెలిసినది. చేనంతయు వ్యవస్థనుండి ఒకే పట్టాగా తీసికొన్నది. బయటి కాపలావానికి ఆ పట్టా యొక్క నాలుగు మూలలు మాత్రమే తెలియును. లోపల మేము కట్టుకొన్న గట్లు వానికి కానరావు. ఒక మడివాడు ప్రక్కమడిలో విత్తులు చల్లినను, అంతయు ఒకే ఆసామి చేనేగదా యని ఊరకుండును. అందువలన లోపలి గట్లను చూచుటకు లోపలివారే పూనుకొనవలెను. ఆ పనికి మూలప్రతిలోనే జెడ్-చెక్‌హీప్ అను భాగమును వ్రాసి పెట్టియుండిరి. అది మొదటి రాయినుండి చివరి రాయివరకు నడచి, ప్రతి మడియు తరువాతి మడిని తాకుచున్నదా, తరువాతి రాయి వెనుకకు సరిగా చూపుచున్నదా, రెండు ఖాళీమళ్ళు కలుపకుండ ప్రక్కప్రక్కన నున్నవా యని పరిశీలించును.

మిత్రుడు ముందుగా గోడచిత్రములను చదువుచోట ప్రతి చిత్రమున ఎన్ని అతుకులున్నవో తెరపై వ్రాయించెను. ఈ ఆటలో గోడచిత్రమును చిన్న బొమ్మముక్కలను అతికి కూర్తురు. అతుకుల సంఖ్య అనేక చిత్రములకు సున్నయని వచ్చినది, కొన్నింటికి రుణసంఖ్యలును వచ్చినవి! అతుకే లేని చిత్రమెట్లుండును? ఫైలులోని అమరికను వర్ణించుచోట, ఇప్పుడు పనికిరానిదని నిర్మాతలే వ్యాఖ్య వ్రాసిన ఒక జాడ మిగిలియున్నది. ఫైలులో దానికి నాలుగు బైట్లే. 64 బిట్ల కంపైలరు దానికి ఎనిమిది కేటాయించినది. అందువలన అతుకుల సంఖ్యను చదువవలసినచోట, నాలుగు బైట్లు ముందుకు జరిగి, మొదటి అతుకు ఎంత ఎత్తున నుండవలెనను అంకెను చదువుచున్నది. ఎవరును వాడని వస్తువు త్రోవకు అడ్డముగా పడియుండి కాలికి తగిలినట్లైనది. దానిని నాలుగు బైట్ల సంఖ్యగా మార్చితిమి. అతుకుల లెక్క సరిపడినది. ఆట మాత్రము మరల కూలినది.

అప్పుడు జెడ్-చెక్‌హీప్‌ను పిలిచితిమి. చిత్రములన్నియు చదివిన పిమ్మట ఒకసారి నడపగా, తరువాతి రాయి వెనుకకు సరిగా చూపుటలేదని చెప్పినది. చదువుటకు ముందు నడపగా దోషము లేదన్నది. నడుమ నున్నది ఒకే చుట్టు. అందు ప్రతి చిత్రమునకును ఒకసారి నడపితిమి. సగము చిత్రములవరకు ఏమియు లేదు. సగము వచ్చునప్పటికి, మడి పరిమాణము తరువాతి మడిని తాకుటలేదని కేక వేసినది. మిత్రుడు కాగితముపై 'సగము' అని వ్రాసి దాని చుట్టును సున్న చుట్టెను. రెట్టింపు కావలసినచోట సగమే ఇచ్చిరన్నమాట! చుట్టునకు కొలది పంక్తుల పైన కన్నులయెదుటనే యున్నది: చిత్రముల సంఖ్యను నాలుగుతో గుణించి, అన్ని బైట్ల మడి ఇమ్మని జెడ్-మాలాక్‌ను అడుగుచున్నారు. నూరు చిత్రములుండిన 400 బైట్లు. కాని ఆ మడిలో పెట్టునవి జాడలు. 64 బిట్ల యంత్రమున నూరు జాడలకు 800 బైట్లు కావలెను. సగము నిండగానే తరువాతి జాడలు గట్టు దాటి ప్రక్కమడి హద్దురాతిమీద పడి, అందలి వ్రాతను చెరపి, అటుపిమ్మట ఆ మడిలోని సరుకును త్రొక్కుచున్నవి. ఐనను అక్కడ ఆట కూలదు! ఆ రాయిని అప్పుడు చూచువారు లేరు. ప్రక్కమడి యజమాని తన సరుకునకై వచ్చి, అది తనదేయని నమ్మి పని మొదలుపెట్టినపుడే కూలును. కూలినచోట నున్న పంక్తులు నిర్దోషులు.

మొత్తము ఏడు పట్టికలకు అక్కడ ఇదే విధముగ నాలుగుతో గుణించి చోటు అడిగియున్నారు. అందు నాలుగు జాడల పట్టికలు, మూడు సంఖ్యల పట్టికలు. సంఖ్యలకు నాలుగు బైట్లు నేటికిని సరియే గాన వానిని ముట్టలేదు. జాడల పట్టికలకు మాత్రము, నాలుగు అను అంకెకు బదులు 'జాడ ఎంత వెడల్పో అంత' యని యంత్రమునే అడుగునట్లు వ్రాసితిమి. ఇట్టి దిద్దుబాటులో ఆవేశము పనికిరాదు. నాలుగు కనబడినచోటనెల్ల ఎనిమిది వ్రాయుదమని ఒకడు ఉత్సాహపడెను. అట్లు చేసినచో మంచివానికిని శిక్ష పడును.

దానితో ఆట మొదటి తెర వచ్చినది. మేము చేసిన కేకలకు ప్రక్కగదిలోని గణితోపాధ్యాయులు వచ్చి మందలించిరి. ఘట్టము ప్రారంభింపగా, పాత్రలను వాని వాని చోట్ల నిలుపు సమయమున మరల కూలినది. కాని ఈసారి ఎవరును ఎవరిని నిందింపలేదు. నాలుగుతో గుణించిన చోట్లన్నింటిని వెదకగా గంటలోపలనే దొరికినది: ఒక్కొక్క గదికి ఏయే గోడగీతలు చెందునో వ్రాసి పెట్టు పట్టికకు, గీతల మొత్తమును నాలుగుతో గుణించి చోటు ఇచ్చియున్నారు. అదియు జాడల పట్టికయే. దానిని దిద్దితిమి, ఆటగాడు తలుపు తెరచికొని లోనికి నడచెను.

ఆ నాలుగును వ్రాసినవారిని తప్పు పట్టవచ్చునా యని మాలో వాదము జరిగినది. పట్టరాదని మా అభిప్రాయము. వారు ఈ ఆటను నెక్స్ట్ అను వేరు జాతి యంత్రములపై వ్రాసి, సామాన్యుల యంత్రములకు మార్చుకొనిరి. ఆ రెండింటను బైట్ల వరుస ఒకదానికొకటి తలక్రిందులు. ఆ భేదమును ఎరిగి, ఫైలునుండి సంఖ్యను చదువు ప్రతిచోటను వరుసను సరిచేయు ఏర్పాటు వ్రాసిరి. అంతటి జాగరూకులు వారు. కాని ఆ రెండు యంత్రములందును జాడ నాలుగు బైట్లే. 64 బిట్ల ఆల్ఫా యంత్రములు 1992లోనే వచ్చినను అవి సామాన్యుల ఇండ్లకు వచ్చునవి కావు. మన ఇండ్లలోని కంప్యూటర్ల జాతికి 64 బిట్లు 2003లో ఏఎండీ వారు తెచ్చిరి. 1993లో ఆ నాలుగు సరియైన లెక్కయే. ఒకే పేరు గల కొలపాత్ర ఒక సంతలో ఒక పరిమాణము, పొరుగు సంతలో మరొక పరిమాణముగా నుండెడిదని మన పెద్దలు చెప్పుదురు. ఆ కాలమున ధాన్యము కొన్నవాడు, ఏ ఊరి కొలతయని అడుగకుండ బస్తా విప్పెడివాడు కాడు.

ప్రదర్శననాడు ఆట 64 బిట్లుగనే నడచినది. గోడపై ఆ పంక్తులను పెద్ద అక్షరములతో వ్రాసి, ప్రక్కన చేనిని, మళ్ళను, రాళ్ళను చిత్రించితిమి. చూడవచ్చిన ఒక రైతు తాత బొమ్మను చాలసేపు చూచి, “అయితే నాయనా, గట్టు తెగింది పైమడిలో, పంట మునిగింది కిందిమడిలో. మీరు కిందోణ్ణి పట్టుకుంటిరా?” యని అడిగెను. మిత్రుడు నవ్వి, “లేదు తాతా, వీళ్ళు నన్ను పైమడికి పిలుచుకొని పోయిరి” అనెను. గోడపత్రముపై ఐదు పేర్లును వ్రాసితిమి. తరగతిలో ఆ మాట అన్నవాడే ఆ దినమున మిత్రుని ప్రక్కన నిలిచి వచ్చినవారికి జెడ్-చెక్‌హీప్ సంగతి వివరించుచుండెను. మిత్రునికంటె బాగుగ వివరించెనని కొందరి మాట.

ఒక పని మిగిలియున్నది. ఆటను నడుమ ఆపి భద్రపరచు భాగము, పాత్రల వివరములను జాడలతో సహా యథాతథముగా ఒక పరిమితమైన సంచిలో నింపును. ఆ సంచి కొలత 1,80,224 బైట్లు. జాడల వెడల్పు రెట్టింపు కాగా పాత్రల వివరములును పెరిగినవి గాన, పాత్రలు మెండుగా గల ఘట్టమున సంచి చినుగు అపాయము కలదు. ప్రదర్శనకు దానితో పని లేకపోయినందున మేము దిద్దలేదు. 'భద్రపరచు మీటను నొక్కవలదు' అను కాగితమును తెర అంచున అంటించితిమి. తొమ్మిదవ తరగతి తమ్ముళ్ళు, చెల్లెండ్రు పూనుకొందుమన్నచో మేము వ్రాసికొన్న పుస్తకము ప్రయోగశాల బీరువాలో రెండవ అరయందున్నది. అందు 32వ పుటనుండి చదువుడు.